శిఖరాగ్రాన పూర్ణ

పూర్వపు నల్లగొండ జిల్లా రాతిగుట్టలకు పెట్టింది పేరు. దేవరకొండ, రాచకొండ, భువనగిరి దుర్గాలు ఆ గుట్టల మీదనే వెలిశాయి. ఈ నేలపై మంచు కురవదు. అయినా భువనగిరి బండపై నేర్చిన విద్య ఒక గిరిజన బాలికను ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి చేర్చింది. ఆమె పేరు మలావత్ పూర్ణ.

పూర్ణ 2000 జూన్ 10న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో ఒక లంబాడా కుటుంబంలో జన్మించింది. తల్లిదండ్రులు లక్ష్మి, దేవిదాస్ వ్యవసాయ కూలీలు. తాడ్వాయిలోని సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతుండగా ఆమె పర్వతారోహణ శిక్షణకు ఎంపికయింది. గురుకులాల కార్యదర్శి ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ ఈ ప్రయత్నానికి వెన్నుదన్నుగా నిలిచాడు.

తొలి పాఠం భువనగిరి కోటగుట్టపై జరిగింది. పర్వతారోహకుడు శేఖర్ బాబు అక్కడ విద్యార్థులకు శిక్షణనిచ్చాడు. నిటారు బండపై పట్టు వెదకడం, తాడును నమ్మడం, భయాన్ని అదుపులో ఉంచుకోవడం అక్కడ అలవడ్డాయి. తరువాత డార్జిలింగులో మంచుపై నడక, లడఖ్‌లో గడ్డకట్టించే చలిని తట్టుకొనే సాధన సాగాయి. ప్రతి దశలోనూ వడపోత జరిగి, చివరకు పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ మిగిలారు.

ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. ఆ ఎత్తున ఒక్కొక్క శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో దాదాపు మూడవ వంతు మాత్రమే. అందువల్ల ఆరోహకులు కొంత ఎక్కి, కొంత దిగి, శరీరాన్ని క్రమంగా అలవాటు చేసుకోవాలి. నేపాల్ 16 ఏళ్లలోపు వారిని అనుమతించదు కనుక బృందం టిబెట్ వైపు నుండి బయలుదేరింది. 2014 ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచుచరియలు విరుచుకుపడి 16 మంది మరణించారు. అంత చిన్నవయసు వారిని అంతటి అపాయానికి పంపవచ్చునా అనే ప్రశ్న సహజమే. శిక్షణ అపాయాన్ని తొలగించదు. దానిని ఎదుర్కొనే నిబ్బరాన్ని ఇస్తుంది. పూర్ణ వెనుదిరగలేదు. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో, ఎవరెస్టును అధిరోహించిన అతి పిన్న బాలికగా చరిత్రకెక్కింది.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆఫ్రికాలోని కిలిమంజారో, ఐరోపాలోని ఎల్‌బ్రస్, దక్షిణ అమెరికాలోని అకాంకాగువా, అంటార్కిటికాలోని విన్సన్ మొదలైన శిఖరాలను జయించింది. 2022లో ఉత్తర అమెరికాలోని డెనాలిని ఎక్కి, ఏడు ఖండాల శిఖరారోహణను పూర్తిచేసింది.

తండాలలో ప్రతిభకు ఏనాడూ కొదవలేదు, కొదవ అవకాశానికే. ఒక గురుకులం, ఒక గురువు, ఒక బండ ఆ కొదవ తీర్చగలవని పూర్ణ జీవితం చాటుతున్నది.