మినహాయింపులు లేని ఐదు వాక్యాలు

సర్కారు బడి కోసం నిలబడ్డ మనుషుల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం కావాలన్నది ఎడిటర్ కోరిక. మన దగ్గర ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఎంవీ ఫౌండేషన్, దాని వెనకే శాంతా సిన్హా పేరు, మెగసెసే అవార్డు, బడికెళ్లే పిల్లల ఫొటో. ఇవన్నీ చాలాసార్లు అచ్చయినవే. ఆ సంస్థ కాగితాల్లో మాత్రం అవార్డు ప్రశంసాపత్రం కన్నా ఎన్నో రెట్లు ప్రాణమున్నది ఒకటుంది. బాలకార్మిక విముక్తికి వాళ్లు రాసుకున్న మూల సూత్రాల పత్రం అది. మొత్తం ఐదే వాక్యాలు. పిల్లలందరూ పూర్తికాలం నడిచే పగటి బడికే వెళ్లాలి. బడి బయట ఉన్న ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ బాలకార్మికుల కిందే లెక్క. పిల్లలకు ఏ పనైనా హానికరమే. బాలకార్మిక వ్యవస్థ పూర్తిగా పోవాలి. అది కొనసాగడానికి ఎవరు ఏ సమర్థన చెప్పినా ఖండించాలి. ఈ సూత్రాల మీద బేరం లేదని సంస్థ మొదటి నుంచీ చెబుతోంది. ఫౌండేషన్ చేసిన పనులన్నిటిలోకీ గట్టిది ఈ బేరం లేకపోవడమేనని నా వాదన. దాని మనుషులు ఎవరో, ఎలాంటివాళ్లో తెలియాలన్నా ఈ వాక్యాలనే పట్టి చదవాలి.

మొదటి వాక్యం, మూడో వాక్యం ఎవరికి జవాబుగా పుట్టాయో తెలియకపోతే అవి మంచి మాటలుగా మాత్రమే కనిపిస్తాయి. 1986లో కేంద్రం రెండు పనులు చేసింది. బాలకార్మిక చట్టం తెచ్చి, ప్రమాదకరమని జాబితాలో రాసిన పనుల్లోనే పిల్లల్ని పెట్టుకోవడం నిషేధించింది. మిగతా చోట్ల పనిగంటలు నియంత్రిస్తే చాలనుకుంది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం, పనిచేసే పిల్లలకు అనియత విద్యా కేంద్రాలు పెడతామంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివితే సర్కారు మనసులో మాట బయటపడుతుంది: పేదవాడి పిల్ల పగలంతా పనిచేస్తుంది, చీకటి పడ్డాక లాంతరు వెలుతురులో ఓ రెండు గంటలు అక్షరాలు దిద్దుతుంది, అంతకన్నా ఏం చేయగలం? అధికారి కొడుక్కి ఒక బడి, జీతం ఉన్న పిల్లవాడికి మరో బడి. ‘పూర్తికాలం నడిచే పగటి బడి’ అని అన్ని మాటలు గుచ్చి రాయడం ఈ ఏర్పాటును కాదనడానికే. పగలు బడిలో ఉన్న పిల్లవాడు అదే పగలు పశువుల వెనక ఉండలేడు. బడిగంటలే పనిని ఆపుతాయి, విడిగా దాడులు చేసి విడిపించాల్సిన పనిలేదు. కార్మిక శాఖ చేయలేనిది విద్యాశాఖ చేయగలదన్న ఊహ ఇందులో ఉంది. ఇప్పుడది మామూలు మాటలా వినిపిస్తుంది కానీ, ఆ రోజుల్లో నిపుణులే దీన్ని అతివాదమన్నారు.

అసలు పదునంతా రెండో వాక్యంలో ఉంది. కార్మిక శాఖ లెక్క ప్రకారం బాలకార్మికుడు కావాలంటే యజమాని ఉండాలి, కూలి ఉండాలి, పని జాబితాలో ఉండాలి. ఇంట్లో చెల్లిని ఎత్తుకుని, నీళ్లు మోసి, అమ్మ పొలానికి వెళ్తే వంట చేసే పదేళ్ల అమ్మాయికి ఇవేవీ లేవు. ఆమె ఏ రికార్డులోనూ కార్మికురాలు కాదు, ఏ బడి రికార్డులోనూ విద్యార్థిని కాదు. జనాభా లెక్కల్లో ఇలా పనిలోనూ చదువులోనూ కనిపించని పిల్లలు కోట్లలో ఉండేవారు. రెండో వాక్యం వీళ్లందరినీ ఒక్క దెబ్బతో లెక్కలోకి తెచ్చింది. తెచ్చి, ఆ లెక్క తీసే పనిని ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి ఊరి చేతికి మార్చింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల పేర్లు రాసుకోవాలి, ఆ జాబితాను బడి హాజరుపట్టీ పక్కన పెట్టాలి. ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేని పేర్లే చేయాల్సిన పని. దీనికి చట్టం తెలిసిన లాయరు అక్కర్లేదు, పదో తరగతి చదివిన ఊరి కుర్రాడు చాలు. ఫౌండేషన్ వలంటీర్లలో చాలామంది అలాంటివాళ్లే. తమ ఇంట్లో మొదటిసారి బడి గడప తొక్కినవాళ్లు. ముఖచిత్రం మీద వేయాల్సిన మొహాలు వాళ్లవి.

పేర్లు తేలాక అసలు గొడవ మొదలయ్యేది బడి గుమ్మం దగ్గరే. తండ్రి ఒప్పుకున్నాడు, పిల్ల ఒప్పుకుంది, హెడ్మాస్టరు పుట్టినతేదీ సర్టిఫికెట్ అడుగుతాడు. ఇంకోచోట టీసీ అడుగుతారు. చేర్చుకునేది జూన్‌లోనే, ఇప్పుడు నవంబరు, వచ్చే ఏడాది రమ్మంటారు. అన్నీ దాటుకుని వస్తే, పన్నెండేళ్ల పిల్లవాణ్ని అఆలు రావని ఒకటో తరగతిలో ఆరేళ్లవాళ్ల మధ్య కూచోబెడతారు. సిగ్గుతో వాడు వారానికే మానేస్తాడు. ‘చదువు మీద ఆసక్తి లేదు’ అని రికార్డుకెక్కుతుంది. పేదరికం వల్ల మానేశారని రాసుకున్న పిల్లల్లో ఎంతమందిని నిజానికి ఈ నిబంధనలు బయటికి నెట్టాయో! బ్రిడ్జి కోర్సు క్యాంపు దీనికి విరుగుడు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు క్యాంపులోనే ఉండి, మొదట పాటలతో, మాటలతో, ఆటలతో కుదురుకుని, తర్వాత అక్షరాల్లో, లెక్కల్లో పడి, తమ వయసుకు తగ్గ తరగతిలో చేరిపోతారు. పెద్దపిల్లలు నేరుగా ఏడో తరగతి పరీక్షకు కూచునేవారు. విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్ తీసి చూడండి: బడి బయటి పిల్లల్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, మిగతావారితో సమానం కావడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. పుట్టినతేదీ కాగితం లేదని, గడువు దాటిందని, టీసీ రాలేదని చేర్చుకోకుండా ఉండకూడదని అదే చట్టంలో ఉంది. ఫౌండేషన్ పని మొదలుపెట్టిన రంగారెడ్డి జిల్లాలో బడి గుమ్మాల దగ్గర తగిలిన అడ్డంకులే దేశమంతటికీ చట్టంగా వచ్చినట్టుంటాయి ఈ సెక్షన్లు.

చరిత్ర చకచకా చెప్పేస్తాను. సంస్థ పేరులోని ఎంవీ అంటే మామిడిపూడి వెంకటరంగయ్య. ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య పోరాట చరిత్ర సంపుటాలకు సంపాదకులు, శాంతా సిన్హాకు తాతగారు. 1981లో ఆయన పేరిట పరిశోధన కోసం పెట్టిన సంస్థ ఇది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చెప్పే మనవరాలు, శ్రామిక విద్యాపీఠం బాధ్యతల్లో భాగంగా 1987లో వెట్టి నుంచి విడిపించిన పిల్లలకు మూడు నెలల క్యాంపు పెట్టారు. 1991లో ఫౌండేషన్ ఆ పనిని భుజానికెత్తుకుంది. 2003లో మెగసెసే వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె తొలి చైర్‌పర్సన్ అయ్యారు, 2013 దాకా ఉన్నారు. సంస్థ జాతీయ కన్వీనర్‌గా ఆర్. వెంకట్ రెడ్డి పేరు విద్యారంగంలో తెలియనివాళ్లు తక్కువ. వీళ్లంత పేరు లేకపోయినా వీళ్లకు ఏమాత్రం తీసిపోనివాళ్లు బాలకార్మిక విమోచన వేదికలోని సర్కారు టీచర్లు. ‘మా బడికి ఇంతమంది ఎందుకు’ అనగలిగిన స్థానంలో ఉండి, ఇంకా రావాలని ఊళ్లు తిరిగారు.

ఇక పేదరికం సంగతి. ‘పూట గడవని ఇంట్లో పిల్లవాడి కూలి ఆపితే తిండెవరు పెడతారు?’ మామూలుగా ఈ ప్రశ్న అడిగేది ఆ ఇంటివాళ్లు కాదు, పిల్లల్ని బడికి పంపే స్థితి ఉన్నవాళ్లు. ఫౌండేషన్ పనిలోకి దిగిన 1991లోనే అమెరికన్ పండితుడు మైరన్ వీనర్ భారతదేశపు పిల్లల గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. పిల్లల్ని పనిలో ఉంచుతున్నది దేశపు తలసరి ఆదాయం కాదు, కూలివాడి బిడ్డకు చదువెందుకన్న మధ్యతరగతి, అధికార వర్గాల నమ్మకమేనని అతని వాదన. కేరళను చూస్తే ఇది పుస్తకాల మాటగా కొట్టిపారేయలేం. 1980లలో కేరళ తలసరి ఆదాయం దేశ సగటు కన్నా తక్కువే. అయినా అక్కడ పిల్లలు బడిలో ఉన్నారు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ బాలకార్మికుల సంఖ్యలో దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. పిల్లల కూలి ఇంటికి ఆదాయం తెస్తుందన్నది సగం లెక్కే. పిల్లవాడు తక్కువకు దొరికితే పెద్దవాడికి పని దొరకదు, దొరికినా కూలి పెరగదు. పేదరికానికి బాలకార్మికత ఫలితమని అందరూ అంటారు. అది దానికి కారణం కూడానని ఒప్పుకుంటే వాదన తలకిందులవుతుంది.

(బాక్స్)
క్రాసింగ్ చేలల్లో
హైబ్రిడ్ పత్తి విత్తనం యంత్రాలతో తయారుకాదు. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల సీడు పత్తి చేలల్లో మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా, మర్నాడు విచ్చే మొగ్గల్ని ఒక్కొక్కటే పట్టుకుని, రెక్కలు ఒలిచి, కేసరాలు గిల్లేయాలి. మర్నాడు పొద్దున్నే మగమొక్క పువ్వు తెచ్చి ఆ మొగ్గల కీలాగ్రాలకు పుప్పొడి రుద్దాలి. సీజన్ నెలల తరబడి సాగుతుంది. ఈ పనికి ఆడపిల్లల్ని అడ్వాన్సులిచ్చి తెచ్చుకునేవారు. చిన్నవేళ్లయితేనే మొగ్గ పాడవదని చెప్పేవారు. పెద్దల వేళ్లతో మొగ్గ పాడవడం కాదు సంగతి, పెద్దల కూలి ఎక్కువ. విత్తన కంపెనీ ఇచ్చే ధరలో ఆ కూలికి చోటు లేదు. పిల్లల కోసం జరిగిన ప్రచారం చివరికి కంపెనీల కొనుగోలు ధర దాకా వెళ్లింది అందుకే.

రెండో అభ్యంతరం గాంధేయవాదులది: పనిలోనే చదువుంది కదా, నయీ తాలీమ్ చెప్పిందీ అదే కదా అని. 1937లో వార్ధాలో చర్చకొచ్చిన ఆ విద్యలో పని బడిలో ఉంటుంది, గురువు పక్కనుంటాడు, భూస్వామి కొడుకూ అదే రాట్నం ముందు కూచోవాలి. అప్పు తీర్చడానికి బర్రెలు కాసే పిల్లవాడికి దీన్ని వర్తింపజేయడం గాంధీకే అన్యాయం. ఈ వాదన మరో రూపంలో 2016లో బాలకార్మిక చట్టంలోకి దొడ్డిదారిన వచ్చింది. ఆ సవరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలకు అన్ని పనులూ నిషేధిస్తూనే, బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబ వృత్తిలో సాయం చేయవచ్చంది. నిజామాబాద్, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే ఇంట్లో సాయం ఎక్కడ ఆగుతుందో, పని ఎక్కడ మొదలవుతుందో ఏ అధికారి కనిపెడతాడు? పద్నాలుగు దాటినవారికి ప్రమాదకర పనులను అదే సవరణ కొత్తగా నిషేధించింది కానీ, పాత చట్టంలో ఉన్న ఆ పనుల జాబితాను బాగా కుదించింది. ‘ఏ పనైనా హానికరమే’ అన్న మూడో వాక్యంలో మొండితనం ఉంది, నిజమే. జాబితాలంటూ రాయడం మొదలుపెడితే అవి ఎలా చిక్కిపోతాయో చూశాక ఆ మొండితనం తప్పనిపించదు.

ఎంతో కొంత బరువున్న అభ్యంతరం మూడోది. బడికి రప్పించి ఏం ఇచ్చారు? పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేలు ఏళ్ల తరబడి ఒకటే చెబుతున్నాయి: 2018లో దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోయారు. దీనికి జవాబు వరసలో ఉంది. బడి బాగుపడ్డాక పేదపిల్లలు వస్తారనుకుంటే ఆ రోజు రాదు. వాళ్లు వచ్చి కూచుంటేనే గది చాలదని, టీచరు లేడని అడిగేవాళ్లు పుడతారు. ఊళ్లలో అదే జరిగింది. గదులు నిండాక పంచాయతీలు, తల్లిదండ్రులు చందాలేసి వలంటీరు టీచర్లను పెట్టుకున్నారు. అయితే ఇక్కడే ఫౌండేషన్ తరహా పని మీద నా అనుమానమూ ఉంది. ఊరు అవసరానికి చేసుకున్న ఆ ఏర్పాటులో సర్కార్లకు చవక దారి కనిపించింది. రెగ్యులర్ పోస్టులు నింపకుండా కొద్దిపాటి గౌరవ వేతనంతో విద్యా వలంటీర్లతో ఏళ్ల తరబడి బండి లాగించారు. ఫౌండేషన్ కోరింది అది కాకపోవచ్చు. కానీ సర్కారు చేయాల్సిన పనిని ఊరు కొంతకాలం చేసి చూపిస్తే, సర్కారు దాన్ని శాశ్వతంగా ఊరికే వదిలేయగలదని ముందే ఊహించాల్సింది.

ఐదో వాక్యం మీదా నాకు పేచీ ఉంది. సమర్థనలన్నిటినీ ఖండించాలని ముందే రాసుకుంటే ఇక చర్చకు చోటేది? పేదరికం మాట ఎత్తినవాడల్లా శత్రువేనా? అయితే ఆచరణలో ఈ వాక్యాన్ని తల్లిదండ్రుల మీద ప్రయోగించినట్టు కనిపించదు. వాళ్లతో నెలల తరబడి మాట్లాడారు, పిల్లల్ని వదిలిన యజమానులను ఊరి సభల్లో సన్మానించారు. ఖండన దాచుకున్నది విధానాలు రాసేవాళ్ల కోసం. వాళ్లతో మర్యాదగా చర్చించీ చర్చించీ రాజ్యాంగం పదేళ్లలో ఇస్తామన్న ఉచిత విద్య, హక్కుగా రావడానికి 2002 దాకా, చట్టంగా అమలులోకి రావడానికి 2010 ఏప్రిల్ 1 దాకా పట్టింది. ఆ కాలాన్ని లెక్కేసుకుంటే పేచీ కొంత మెత్తబడుతుంది.

(బాక్స్)
జనాభా లెక్కలు ఏం చెబుతాయి
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 నుంచి 14 ఏళ్ల పనిపిల్లలు 1981లో సుమారు 19.5 లక్షలు, 1991లో 16.6 లక్షలు, 2001లో 13.6 లక్షలు, 2011లో 4 లక్షలకు కాస్త పైన. 2001 తర్వాత వచ్చిన పతనం అసాధారణం. ఘనత మొత్తం ఒక సంస్థకు ఇవ్వలేం: మధ్యాహ్న భోజనం, సర్వశిక్ష అభియాన్, హాస్టళ్లు, 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు, పల్లెల్లో పెరిగిన కూలి రేట్లు, అన్నీ ఉన్నాయి. బ్రిడ్జి కోర్సు మాత్రం ఇక్కడి నుంచే సర్కారు పథకాల్లోకి వెళ్లింది. నెదర్లాండ్స్ సంస్థ హివోస్ చొరవతో ఈ నమూనా ఆఫ్రికా ఊళ్లకూ చేరింది.

ఇంత జాగ్రత్తగా రాసిన పత్రంలో ఒక మాట లేదు: ‘సర్కారు’. పూర్తికాలపు పగటి బడి అన్నారు, ఎవరి బడి అనలేదు. 1991లో రంగారెడ్డి జిల్లా పల్లెలో ఆ మాట అనవసరం, ఉన్నదే ఒక్క బడి. ఇవాళ తెలంగాణలో సగానికి పైగా పిల్లలు ప్రైవేటు బడుల్లో ఉన్నారు. పసుపు బస్సు తండా దాకా వస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన అమ్మ ఒడి పథకం డబ్బు ప్రైవేటు బడికి పంపే తల్లికీ అందింది. ఐదు వాక్యాలనూ అక్షరాలా పాటించి కూడా సర్కారు బడిని ఖాళీ చేయొచ్చన్నమాట. గదుల నిండా పిల్లలుంటే అడిగేవాళ్లు పుడతారన్న సిద్ధాంతం, అడిగే శక్తి ఉన్న కుటుంబాలు ముందుగా వెళ్లిపోతే నిలవదు. వేతనం సర్కారుది తీసుకునే ఉద్యోగులు, ప్రజాప్రతినిధుల పిల్లలు సర్కారు బడిలోనే చదవాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. అది అమలుకు నోచుకోలేదు. ఉమ్మడి బడి గురించిన ఆరో వాక్యం ఈ పత్రానికి ఇప్పుడు కావాలి. దాన్ని ఫౌండేషన్ ఒక్కటే రాసుకుంటే చాలదు, వేదికలోని టీచర్లు తమ సొంత పిల్లల పేర్లతో రాయాలి.

చదివేవారికి ఒక మనవి. జూన్ 12న రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరుస్తారు. స్కూలు యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, వారితో కలిపి సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. మీ ఊరి బడి కమిటీలో ఎవరున్నారో, కిందటి ఏడాది ఎన్నిసార్లు కూచున్నారో వెళ్లి అడగండి. మీ వీధి హోటల్లోనో, పక్కింట్లోనో బడి ఈడు పిల్ల పనిచేస్తుంటే 1098కి ఫోన్ చేయండి, ఖర్చు లేదు.