కేసరి పప్పు: విషమా, ఆహారమా?

చలికాలంలో రాయపూర్ కూరగాయల సంతకు వెళ్తే ఒక లేత ఆకుకూర కుప్పలుగా కనిపిస్తుంది. దాని పేరు తివరా భాజీ. మన ఛత్తీస్‌గఢీ పొరుగువాళ్లు దాన్ని అన్నంలోకి ఎంతో ఇష్టంగా వండుకుంటారు. మిగిలిన ఆకును ఎండబెట్టి ఎండాకాలానికి దాచుకుంటారు. ఆ మొక్కకు కాసే గింజల పప్పునే కేసరి పప్పు అంటారు. ఆ పేరు వినగానే మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు "అమ్మో! అది తింటే కాళ్లు పడిపోతాయి" అంటారు. ఒక ఇంట్లో ఇష్టమైన కూర, పక్క ఇంట్లో భయం! ఇందులో ఎవరి మాట నిజమో తెలుసుకుందామని బయలుదేరితే, ఇద్దరి మాటా నిజమేనని తేలింది.

ముందు పొలం సంగతి. ఇక్కడి రైతులు వరి కోతకు కొద్ది రోజుల ముందు, నేలలో తడి ఉండగానే, నిలిచి ఉన్న చేలో తివరా గింజలు చల్లేస్తారు. ఈ పద్ధతిని 'ఉతేరా' అంటారు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి మాగాణుల్లో మినుములు, పెసలు చల్లుతారు కదా, అలాగే అన్నమాట. దుక్కి దున్నే పని లేదు, పెట్టుబడి దాదాపు లేదు. వాన మొహం చాటేసినా, పొలంలో నీళ్లు నిలిచినా ఈ మొక్క తట్టుకుంటుంది. గింజలో నాలుగో వంతుకు పైగా మాంసకృత్తులే. పేద రైతుకు ఇంతకంటే మంచి పంట ఏముంటుంది?

చిక్కంతా అక్కడే వచ్చింది. మిగతా పంటలన్నీ పోయిన ఏడు కూడా ఇది పండుతుంది. అప్పుడు తినడానికి ఇదొక్కటే మిగులుతుంది.

ఆంగ్లేయ అధికారి స్లీమన్ ఇలాంటి సంఘటననే రాసిపెట్టాడు. అది మధ్యప్రదేశ్‌లోని సాగర్ ప్రాంతం. 1829లో వడగళ్లకు, 1830లో వానలు లేక, 1831లో తెగులుకు గోధుమ పంట దెబ్బతింది. ఆ మూడేళ్లూ ఈ పంట మాత్రం ఏపుగా పెరిగింది. జనం దాని గింజలతోనే కడుపు నింపుకున్నారు. 1833 నాటికి ఊళ్లో పడుచువాళ్లకు నడుము కింది భాగం చచ్చుబడటం మొదలైంది. ఈ జబ్బునే లాథిరిజం అంటారు. పిక్కలు బిగుసుకుపోతాయి, మోకాళ్లు వంగిపోతాయి, కర్ర సాయం లేనిదే అడుగు పడదు. జబ్బు ముదిరితే పాకవలసిందే. తెలివికి మాత్రం ఏ లోటూ రాదు. తనకేం జరుగుతోందో ఆ మనిషికి పూర్తిగా తెలుస్తూనే ఉంటుంది. ఒకసారి వస్తే నయం చేసే మందు ఈనాటికీ లేదు.

గింజలో ఉన్నదేమిటో కనిపెట్టడానికి చాలా కాలం పట్టింది. 1964లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ ఈ గింజల నుంచి ఒక అమైనో ఆమ్లాన్ని వేరు చేశారు. దాన్ని క్లుప్తంగా ఓడాప్ అంటారు. మన నాడీకణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకోవడానికి వాడే గ్లుటమేట్ అనే పదార్థాన్ని ఇది పోలి ఉంటుంది. అసలు తాళంచెవి కాకపోయినా తాళంలో పట్టే దొంగ తాళంచెవి లాంటిది. తలుపు తెరుచుకుని అలాగే ఉండిపోతే కణం అలిసి చచ్చిపోతుంది. ముఖ్యంగా కాళ్లను కదిలించే నాడులు ఇలా దెబ్బతింటాయి. రావుగారు తర్వాత హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కూడా ఈ గింజ మీదే పరిశోధన కొనసాగించారు.

అయితే ఓడాప్ ఒక్కటే దోషి అయితే, తివరా తినే ప్రతి ఊళ్లోనూ కాళ్లు పడిపోవాలి. అలా జరగలేదు. పప్పుగా, పకోడీలుగా అప్పుడప్పుడు తినేవాళ్లకు ఏమీ కాలేదు. రోజువారీ తిండిలో పెద్ద భాగం ఇదే అయి, అది నెలల తరబడి సాగితేనే జబ్బు వచ్చింది. మరి అలా ఎవరు తిన్నారు? రీవా ప్రాంతంలో భూస్వాములు పాలేర్లకు కూలి డబ్బులుగా ఇచ్చేవారు కాదు. కేసరి ఎక్కువగా కలిసిన గింజలు కొలిచి ఇచ్చేవారు. వాళ్లకు ఎంచుకునే వీలే లేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాప్నియార్కా అనే నిర్బంధ శిబిరంలో యూదు ఖైదీలకు ఈ గింజలే పెడితే వందల మంది జబ్బుపడ్డారు. ఖైదీల్లోనే ఒకరైన డాక్టర్ ఆర్థర్ కెస్లర్ దాని కారణాన్ని గుర్తుపట్టాడు. ఇథియోపియాలో కరువులప్పుడూ ఇదే కథ. కాబట్టి ఈ జబ్బుకు గింజ ఎంత కారణమో, వేరే గింజ కొనుక్కోలేని బతుకు కూడా అంతే కారణం. కరువుకు మరో క్రూరత్వం కూడా ఉంది. నీటి ఎద్దడిలో పెరిగిన మొక్కలో ఓడాప్ పాలు పెరుగుతుంది.

1961లో కేంద్ర ప్రభుత్వం కేసరి పప్పు అమ్మకాన్ని నిషేధిస్తూ నియమం తెచ్చింది. అమ్మకూడదన్నారు సరే, పండించేవాడు తన ఇంట్లో తింటే? నియమం అక్కడిదాకా వెళ్లలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1960లలోనే వంటింటికి పనికొచ్చే ఉపాయం చెప్పారు. గింజలను వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోస్తే ఓడాప్ చాలావరకు పోతుంది, ఎందుకంటే అది నీటిలో కరుగుతుంది. దాంతోపాటు కొన్ని బి విటమిన్లూ పోతాయి. కరువు ఊళ్లో అన్ని నీళ్లు, అంత వంటచెరకు ఎక్కడివన్నది ఇంకో ప్రశ్న.

మూడో దారిని మన ఊరే చూపింది. రాయపూర్‌లోని ఇందిరా గాంధీ కృషి విశ్వవిద్యాలయం ఓడాప్ తక్కువగా ఉండే రకాల మీద పనిచేసి ప్రతీక్, మహాతివరా అనే విత్తనాలు విడుదల చేసింది. మహాతివరాలో ఓడాప్ 0.1 శాతం కంటే తక్కువ. నాటు రకాల్లో అది ఇంతకు కొన్ని రెట్లు ఉంటుంది. ఢిల్లీలోని పూసా సంస్థ రూపొందించిన రతన్ కూడా ఇలాంటిదే. ఈ మూడు రకాలను అనుమతించవచ్చని 2016లో భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణులు అభిప్రాయపడ్డారు. దీనికి అభ్యంతరాలూ వచ్చాయి. అవీ కొట్టిపారేయదగ్గవి కావు. పప్పుగా చేశాక ఏది మహాతివరా, ఏది నాటు రకమో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. పైగా పక్క చేలో నాటు రకం ఉంటే తేనెటీగలు పుప్పొడిని అటూ ఇటూ మోస్తాయి. రైతు ప్రతి ఏడూ సొంత విత్తనమే దాచుకుంటూ పోతే కొన్నాళ్లకు రెండూ కలిసిపోతాయి. అందుకే పరిశోధన విత్తనం విడుదలతో పూర్తి కాదని మాకు అనిపించింది.

ఇక మన ఇంటి సంగతి. కేసరి పప్పును కందిపప్పులోనూ, శనగపిండిలోనూ కల్తీ చేసేవాళ్లున్నారు. గింజను చూసి గుర్తుపట్టవచ్చు. కంది గుండ్రంగా ఉంటే, కేసరి ఒక పక్కకు చెక్కినట్టు, మూలలు తేలి ఉంటుంది. పిండిలో కలిస్తే కంటికి తెలియదు. అప్పుడు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి, సన్నగా మరిగే నీళ్ల మీద 15 నిమిషాలు ఉంచితే గులాబీ రంగు వస్తుంది. ఒక హెచ్చరిక: ఆమ్లం పోయగానే ఎర్రరంగు వస్తే అది మెటానిల్ ఎల్లో అనే రంగు కల్తీ కావచ్చు.

ప్రయోగశాలలో మా టీచర్ దగ్గరుండి ఈ పరీక్ష చేయించారు. మేము ఇళ్ల నుంచి తెచ్చిన ఐదు శనగపిండి నమూనాల్లో దేనికీ గులాబీ రంగు రాలేదు. పోల్చి చూడటానికి ఒక మిత్రుడు తమ పల్లె నుంచి తెచ్చిన తివరా పిండికి మాత్రం వచ్చింది. వాళ్లింట్లో ఈ పప్పు ఎలా వండుతారని అతణ్ణి అడిగాం. వాళ్ల దాదీ రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కడిగి గానీ పొయ్యి మీద పెట్టదట. ఎందుకని అడిగితే, "మా అత్తగారు అలాగే చేసేది" అందట.