షెడ్డు కాడ కాపలాకి పారాచూట్ గుడ్డ ఉయ్యాల



నాలుగో జ్వరం లేచినాక ఏడెనిమిది రోజులు మనకు సరైన నిద్ర ఉండదు. రాత్రి మేత వేసి, తెల్లారి మేతకు మళ్ళీ లేవాలంటే షెడ్డు కాడే పడుకోవాల. నేల మీద పడుకుంటే తేళ్ల భయం. మంచం వేద్దామంటే వరండాలో ఆకు మూటలకే చోటు చాలదు. అందుకే చాలామంది ఉయ్యాల పడక గురించి అడుగుతా ఉన్నారు. రాత్రి కట్టుకుని తెల్లారి చుట్టి పక్కన పెట్టేయొచ్చు. చెన్నైకి పోయినోళ్లు "మిలిటరీ పారాచూట్ గుడ్డ" అని తెచ్చుకుంటా ఉన్నారు గనుక దాని గురించి నాలుగు మాటలు.

*పారాచూట్‌కూ మన పురుగుకూ పాత చుట్టరికం*

ఒకప్పుడు పారాచూట్లు ఎక్కువగా పట్టుతో చేసేవాళ్లు. తేలికగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, చిన్న సంచిలో మడిచి పెట్టొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో జపాన్ పట్టు ఆగిపోయేసరికి అమెరికా వాళ్లు నైలాన్‌కు మారినారు. మన దేశంలో ఆ యుద్ధ కాలంలోనే పారాచూట్ల కోసం మైసూరు పట్టుకు గిరాకీ పెరిగింది. కాన్పూర్ పారాచూట్ ఫ్యాక్టరీ 1941లో మొదలైంది. బర్మా యుద్ధంలో సామాన్లు దించడానికి పారాచూట్లు చాలక, కలకత్తా మిల్లుల సాయంతో జనపనారతో కూడా చేయించినారు. దానికి "పారాజూట్" అని పేరు.

ఇప్పటి పారాచూట్ గుడ్డ ఎక్కువగా నైలాన్. మన ఊజీ వలకు దగ్గరి చుట్టం అనుకోండి.

*కొనేటప్పుడు*

కుప్పం నుంచి రైల్లో పోతే చెన్నై సెంట్రల్‌కు ముందే ఆవడి వస్తుంది. అక్కడి ఫ్యాక్టరీలో సైనికుల బట్టలు కుడతారు. ఆవడి పేరు చెప్పినంత మాత్రాన గుడ్డ అసలుదని నమ్మొద్దు. సైన్యం పాత సామాను పద్ధతి ప్రకారం వేలంలో బయటికి వస్తుంది. బిల్లు అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి.

ఇంకో సంగతి. పారాచూట్‌కు వాడే కాలం ఇంత అని ఉంటుంది. అది దాటితే మనిషి దూకడానికి వాడరు. అట్లాంటి గుడ్డే మన చేతికి వస్తుంది. "మనిషిని ఆకాశంలో మోసిందే" అని ధీమా పడొద్దు. గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి. చిన్న గళ్లు కనపడాలి. ఆ గళ్ల దారాలు చిరుగు పాకకుండా ఆపుతాయి. రంగు వెలిసిపోయినా, రెండు చేతుల్తో లాగితే పర్రుమన్నా వద్దు. ఎండ నైలాన్‌ను లోపల్నుంచి తినేస్తుంది.

ఒక పోగు కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద అవుతుంది. నైలాన్ కరిగి గట్టి పూస కడుతుంది.

*కుట్టడం, కట్టడం*

మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు ముక్క చాలు. గుడ్డ పల్చన గనుక రెండు పొరలు వేయండి. పొడవు తక్కువ వైపు రెండు అంచులూ మడిచి, పాలియెస్టర్ దారంతో మూడు వరసలు కుట్టించండి. నూలు దారం తేమకు చివుకుతుంది. ఆ మడతలో తాడు దూర్చి లాగితే గుడ్డ కుచ్చుకుని జోలె ఆకారం వస్తుంది.

బిగించి కట్టొద్దు, ఇది ముఖ్యం. తాడు నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే, 70 కేజీల మనిషి పడుకున్నప్పుడు ఒక్కో తాడు మీద 70 కేజీల లాగుడు పడుతుంది. బిగించి 10 డిగ్రీలకు తెస్తే అదే లాగుడు 200 కేజీలు అవుతుంది. తాళ్లు తెగేది, స్తంభాలు వంగేది అక్కడే. పురుగుల స్టాండ్లకు ఎప్పుడూ కట్టొద్దు. సిమెంటు స్తంభానికో, బలమైన వేప మానుకో కట్టండి. మనిషి కూర్చుంటే ఉయ్యాల అడుగు మోకాలి కంటే పైన ఉండొద్దు. ముందు రెండు 50 కేజీల ఎరువు బస్తాలు వేసి ఒక రాత్రి వదిలి చూడండి. పసిపిల్లల్ని మాత్రం వేయొద్దు, పల్చని నైలాన్ ముఖానికి అతుక్కుంటుంది. బీడీ నిప్పు దగ్గరికి రానీయొద్దు.

*పంటకు ముప్పు రాకుండా*

పాత సామాన్ల గోడౌన్లలో కలరా ఉండలు, పురుగు మందులు వాడుతుంటారు. ఆ వాసన మన పురుగులకు విషం. గుడ్డను షెడ్డుకు దూరంగా సబ్బు నీళ్లతో రెండు మూడు సార్లు ఉతికి, నీడలో వారం రోజులు ఆరేయండి. బ్లీచింగ్ నీళ్లలో ముంచొద్దు, నైలాన్ బలం పోతుంది. అందుకే ఈ ఉయ్యాల షెడ్డు లోపలికి వద్దు. బయట వరండాలోనే కట్టుకోండి, లోపలికి పోయేటప్పుడు ఎప్పటిలాగే చేతులు కాళ్లు కడుక్కోండి.

దోమలకని కాయిల్, కరెంటు బిళ్ల వెలిగించొద్దు. మందు పట్టించిన దోమతెర కూడా వద్దు. ఆ మందు తగిలితే పురుగులు కక్కుకుని, మెలికలు తిరిగి చస్తాయి. నూరు గుడ్ల పంటలో నలభై వేలకు పైగా పురుగులు ఉంటాయి, ఒక్క రాత్రి చాలు పోవడానికి. ఉయ్యాల మీద మందు లేని మామూలు దోమతెర వేసుకోండి.

మన పక్షాన రాత్రంతా మేలుకునేది ఎవరూ లేరు. మేత మధ్యలో దొరికే ఆ మూడు గంటలైనా ఒళ్లు వాల్చండి.