ఏలీయాకు ముందు దొరికినవి నిద్ర, అప్పం



ఆదివారం ఆరాధనలో చదివే ప్రార్థన చీటీల్లో ఉద్యోగం, పెళ్లి, అప్పు, జబ్బు ఎప్పుడూ ఉంటాయి. రాత్రిళ్లు గుండె దడతో నిద్ర పట్టడం లేదని, ఇంట్లో నా కోపం నాకే భయంగా ఉందని రాసేవారు అరుదు. విశ్వాసం చాలలేదంటారేమోనని జంకు. అలాంటివారు ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, మాత్రలు లేకుండా దీన్ని దాటవచ్చా అని అడుగుతారు. చాలామట్టుకు దాటవచ్చు. అయితే ఎక్కడ మొదలుపెట్టాలో మనం సాధారణంగా పొరబడతాం.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం చూడండి. కర్మెలు మీద అంత విజయం పొందిన ఏలీయా, యెజెబెలు కబురుకు బెదిరి పారిపోయి, బదరీ వృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి అప్పం, నీళ్లు చూపించాడు. మళ్లీ నిద్ర, మళ్లీ భోజనం. తరువాత హోరేబుదాకా నలభై దినాల నడక. ప్రశ్న అడిగింది అక్కడికి చేరాకనే.

మనం చేసేది దీనికి తలకిందులు. ముందు బోధ, ఆపైన ఉపవాసం, ఆపైన శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్. ఉపవాసానికి మేము వ్యతిరేకులం కాము. కానీ నాలుగు రాత్రులు కునుకు లేనివానిని ఐదో రాత్రి కూడా మేలుకొమ్మనడం ఏలీయా దేవుని పద్ధతిలా లేదు.

భయంలోనూ కోపంలోనూ శరీరంలో జరిగేది దాదాపు ఒకటే. అడ్రినలిన్ ఎక్కువై గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, దవడలు బిగుసుకుంటాయి. అప్పుడు ఎంత మంచి మాటా చెవికెక్కదు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి నిదానించినప్పుడు గుండె కూడా నిదానిస్తుంది. ఐదు నిమిషాలు చాలు. ఇది యోగా కదా అని అనుమానించేవారికి ఒక మాట. యేసు నామాన్ని ఊపిరితో కలిపి ప్రార్థించడం తూర్పు సంఘాల్లో శతాబ్దాలుగా ఉంది. రోజూ అరగంట నడక, పొద్దు గుంకాక టీ కాఫీలు మానడం, ఫోను వేరే గదిలో పెట్టి పడుకోవడం కూడా మేలు చేస్తాయి.

కోపం కక్కేస్తే చల్లారుతుందని చాలామంది నమ్మకం. అరిచి, గిన్నెలు విసిరితే అది అలవాటుగా ముదరడమే ఎక్కువ. అప్పులకు పొలాలూ పిల్లలూ పోగొట్టుకున్న బీదల మొర విని నెహెమ్యాకు తీవ్రమైన కోపం వచ్చింది. న్యాయమైన కోపమే. అయినా ముందు తనలో తాను ఆలోచించుకుని, ఆ తరువాతే ప్రధానులను నిలదీశాడు. వాళ్లు పొలాలు తిరిగి ఇస్తామని ఒప్పుకున్నారు. మన ఇళ్లలో అంటే, "ఇప్పుడు మాట్లాడలేను, అన్నం తిన్నాక మాట్లాడదాం" అని చెప్పి కాసేపు బయటికి వెళ్లిరావడం. చెప్పకుండా వెళితే అది అలక. భార్యాబిడ్డల మీద చెయ్యి లేస్తుంటే అది ఇంటి గుట్టుగా దాచవలసింది కాదు. దెబ్బలు తినేవారిని ఓర్చుకోమనే అధికారం ఏ కాపరికీ లేదు.

చింతలను కాగితం మీద పెట్టండి. చేయగలిగినవి ఒక వైపు, మన చేతిలో లేనివి మరో వైపు. మొదటి వైపునుండి రేపటికి ఒక్కటి ఎంచుకోండి. రెండో వైపు దేవునికి గొంతెత్తి చదవండి. ఆయన ఎదుట ఏడవడానికి సిగ్గుపడేవారు 88వ కీర్తన తీయండి. అది చీకటిలోనే ముగుస్తుంది, అయినా లేఖనమే.

ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారు ఇది చదివో, ఏ సభలోనో సాక్ష్యం వినో ఉన్నట్టుండి మానకండి. హఠాత్తుగా ఆపితే పాత భయం రెట్టింపు కావచ్చు, కొన్ని రకాల మాత్రలకు ఫిట్సు కూడా రావచ్చు. తగ్గించేది రాసిన డాక్టరే. బీపీ మాత్ర వేసుకునే సంఘ పెద్దను అవిశ్వాసి అనం కదా. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడే.

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని దెబ్బతింటే డాక్టరును కలవండి. బతకాలని లేదనిపిస్తే ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరును మీ మందిరం నోటీసు బోర్డు మీద, అందరికీ కనబడేంత పెద్ద అంకెల్లో రాసి పెట్టండి.