ఆకాశవాణి సాయంకాలము

రేడియో యొద్ద కూర్చుండినవాడు నాటకమునకై కూర్చుండినవాడు. నాటకమున కింకను ముప్పాతిక గంట గలదు. ఈలోపున వీణ కచ్చేరి. దాని వెనుక నొక పండితుని ప్రసంగము. యంత్రము కట్టివేసినచో నాటకారంభము తప్పిపోవునను భయమున నతడు వీణను సహించెను. కొన్ని నెలలు గడచినవి. ఒకనాడు కల్యాణికిని శంకరాభరణమునకును గల భేదము అతని చెవికి దానంతట నదియే తెలిసెను! ఈ విద్య యతడు కోరినది కాదు, రుసుము చెల్లించి నేర్చినదియు కాదు.

మన యిండ్లలో ననేకుల యనుభవ మిదియే. 1938 జూన్ 16వ తేదీన మదరాసు కేంద్రము నెలకొన్నప్పుడు తెలుగు తమిళముతో కాలము పంచుకొనవలసి వచ్చెను. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము వెలసిన పిదపగాని కోస్తా తెలుగువారికి తమదనదగిన సాయంకాలము చేకూరలేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు, వోలేటి వెంకటేశ్వర్లుగారు, శ్రీరంగం గోపాలరత్నంగారు అచట కొలువు చేసిరి. బాలాంత్రపు రజనీకాంతరావుగారు ఆ కేంద్రమునకు సంచాలకులుగా నుండిరి. వారు గేయకర్తలు, స్వరకర్తలు. పైగా ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము నందినవారు. పాట యెరిగినవాడును, పద్య మెరిగినవాడును, ఫైలు నెరిగినవాడును ఒక్కడే యగుట యే ప్రభుత్వ కచ్చేరిలో తరచుగ సంభవించును?

నాటకముమాట కొంత చెప్పవలసియున్నది. రంగస్థలమున తెల్లవార్లు సాగినది రేడియోలో గంటకు లోబడవలెను. తెర లేదు, వేషము లేదు, ఒకే పద్యమును మూడుమారులు పాడించుకొను ‘వన్సుమోరు’ లేదు. కంఠ మొక్కటియే మిగిలిన నటుడు మాట విరుపును, మౌనమును క్రొత్తగా నభ్యసింపవలసివచ్చెను. చిలకమర్తివారి ‘గణపతి’ శ్రవ్యనాటకమై విజయవాడనుండి వెలువడగా, నవల పుట తిప్పనివారును కడుపుబ్బ నవ్విరి. తెలుగు నాటకమునకు ప్రాణమైన హార్మోనియమునకు మాత్రము 1940 మొదలు 1971 వరకు ఆలిండియా రేడియో సంగీతమున ప్రవేశము లేకపోవుట విచిత్రము!

బలవంతముచే అభిరుచి పెరుగునని మేము చెప్పుటలేదు. 1952లో సమాచారశాఖ చేపట్టిన కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతమునకు పెద్దపీట వేసిరి. ఆ యేటనే సంగీతపు జాతీయ కార్యక్రమ మారంభమైనది. అది మెచ్చదగినదే. కాని సినిమా పాటను గెంటివేయుటతో శ్రోతలు సిలోను రేడియోకు మరలిరి. తుదకు 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతిని స్థాపింపక తప్పలేదు. వాకిలి మూసినచో జనులు పొరుగింటికి పోవుదురు. వీణను నాటకమునకు ప్రక్కన నుంచినప్పుడు ఏ నిషేధమును అవసరము కాలేదు గదా!

2016 జనవరి 26వ తేదీన శాస్త్రీయ సంగీతమునకే యిరువదినాలుగు గంటల ‘రాగం’ వాహిని యేర్పడినది. మేము సంతసించితిమి. అయినను అచటికి పోవువాడు ముందే రసికుడు. భక్తులకు గుడి కట్టిరి. దారిన పోవువానికి గంట వినిపించుట తగ్గినది. కోరినది కోరిన క్షణమున చేతి యంత్రమున దొరకునుగదా యని కొందరందురు. నిజమే, కాని వోలేటివారి పేరే విననివాడు దేనిని కోరును? నాటకమును వెదకువానికి నాటకములే చూపు యంత్రము, వాని ముందట వీణ నుంచదు.

కావున విజయవాడ, హైదరాబాదు కేంద్రములవారికి మా విన్నప మొక్కటి. వారమున కొక సాయంకాలమైనను మూడు గంటలు ఏకముగా కేటాయింపుడు. ఒక కచ్చేరి, ఒక ప్రసంగము, ఒక నాటకము; నడుమ ప్రకటనలు వలదు. భాండారమునగల పాత టేపులనే వాడవచ్చును. నాటకమును మాత్రము చివర నుంచుడు.