లెక్క తెలుగులో... బేరం కన్నడంలో!

బళ్లారి: బజారులో ఓ కిరాణా కొట్టు. సాయంత్రం రద్దీ. షావుకారు నోట్లు లెక్కపెడుతున్నారు. ‘ముప్పై ఆరు, ముప్పై ఏడు...’ ఇంతలో ఓ గిరాకీ. ‘తొగరి బేళె ఎష్టణ్ణా?’ కన్నడంలో ధర చెప్పారు. పక్కనున్న పెద్దామెతో ‘పిండి రేపొస్తాదమ్మా’ అని తెలుగులో అన్నారు. ఫోన్ మోగింది, హిందీలో రెండు ముక్కలు. మళ్లీ నోట్లు చేతిలోకి తీసుకున్నారు. ఎంతవరకు వచ్చింది? ఇక మొదటి నుంచి లెక్క!

‘వయసు మీద పడింది’ అని ఆయన నవ్వేశారు గానీ, తప్పు వయసుది కాదు. ధ్యాస పెట్టాల్సిన పనులు రెండుంటే మెదడు ఒకటి దించి ఇంకోటి ఎత్తుకుంటుంది. ఆ దించి ఎత్తడానికి టైము పడుతుంది. అమెరికా శాస్త్రవేత్త ఆర్థర్ జెర్సిల్డ్ 1927లోనే ఈ సంగతి కనిపెట్టారు. వరసగా కూడికలే చేయమంటే చకచకా చేసినవాళ్లు, ఒక కూడిక, ఒక తీసివేత అనేసరికి వెనకబడ్డారు. ఏ పని రాబోతోందో ముందే తెలిసినా ఆ ఆలస్యం తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదని 1995లో రోజర్స్, మాన్సెల్ అనేవారు చూపించారు.

భాషలు మార్చడంలోనూ ఇదే తంతు. 1999లో రెనాటా మ్యూటర్, అలన్ ఆల్‌పోర్ట్ రెండు భాషలొచ్చినవారికి అంకెలు చూపించి, ఒకసారి ఈ భాషలో, ఒకసారి ఆ భాషలో చెప్పమన్నారు. విచిత్రమేమిటంటే, బాగా వచ్చిన సొంత భాషలోకి తిరిగి రావడానికే ఎక్కువ టైము పట్టింది! రెండో భాష మాట్లాడాలంటే బలమైన అమ్మ భాషను గట్టిగా అణిచిపెట్టాలి. ఆ అదుము వెంటనే వదలదని వారి వివరణ.

అలాగని ‘ఇంట్లో తెలుగు వద్దు, పిల్లాడు తికమకపడతాడు’ అనే తల్లిదండ్రులు తొందరపడనక్కర్లేదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒక్క భాషే వచ్చినవారి కంటే, రెండు, అంతకుమించి భాషలు వచ్చినవారిలో ఆ మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. అన్ని అధ్యయనాలూ ఇదే మాట చెప్పలేదు, ఆ మాటా ఒప్పుకోవాలి.

మన షావుకారు మాత్రం ఇప్పుడు ఇరవై నోట్లకో రబ్బరు బ్యాండు వేస్తున్నారు. ‘ఎవరు పిలిచినా పోయేది ఇరవై లోపే గదా సార్’ అంటూ బేళె తూయడానికి లేచారు.