లేచి నడవనిద్దాం

సంఘంలో ఎవరికైనా క్యాన్సర్ అని తెలిస్తే ప్రార్థిస్తాం, పండ్లు తీసుకుని ఇంటికి వెళ్తాం. వచ్చేటప్పుడు "మంచం దిగకమ్మా, విశ్రాంతి తీసుకో" అని చెప్పి వస్తాం. ప్రేమతో అన్న మాటే. కానీ ఇప్పుడు వైద్యులు చెబుతున్నది వేరు.

కీమో, రేడియేషన్ వల్ల వచ్చే నీరసం నిద్రతో తీరేది కాదు. నెలల తరబడి పడుకుంటే కండ కరిగి నీరసం ఇంకా పెరుగుతుంది. అందుకే చికిత్స జరుగుతుండగానే వ్యాయామం చేయించమని అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ 2022లో సూచించింది.

2025 జూన్‌లో ఒక పరిశోధన వెలువడింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో ముగిసిన 889 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు చేత మూడేళ్లు శిక్షకుల తోడుతో చురుకైన నడక వంటి వ్యాయామం చేయించారు. రెండో గుంపుకు ఆరోగ్య సలహాల పుస్తకాలు ఇచ్చారు. ఎనిమిదేళ్ల నాటికి మొదటి గుంపులో నూటికి 90 మంది, రెండో గుంపులో 83 మంది బ్రతికి ఉన్నారు. ఇది ఒక్క రకం క్యాన్సర్ లెక్క మాత్రమే. పైగా వారంతా వైద్యం పూర్తిగా చేయించుకున్నవారే. నడక మందుకు బదులు కాదు.

సలహా ఇద్దరికీ అందింది. తోడు ఒకరికే దొరికింది. దామరచర్ల నుండి హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తిరిగే మనవారికి ఊళ్లో శిక్షకుడు ఎక్కడ దొరుకుతాడు? సంఘం ఉంది కదా!

ముందు డాక్టరును అడగాలి. ఎముకలకు క్యాన్సర్ పాకినా, రక్తకణాలు తగ్గినా ఆయన చెప్పినంతే చేయాలి. జ్వరం, ఆయాసం, తల తిరగడం ఉంటే ఆ రోజు ఆపాలి. లేదంటే ఎండ ముదరకముందే, లారీలు తిరిగే రోడ్డు మీద కాకుండా, చర్చి ఆవరణలో ఐదు నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. మెల్లగా వారానికి మూడుసార్లు అరగంటకు చేరవచ్చు. నడవలేని రోజు విశ్వాసం తగ్గినట్టు కాదు.

చావు కోరుకుని బదరీవృక్షం క్రింద పడుకున్న ఏలీయాను దూత గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ తట్టి లేపాడు. ఆ బలంతో ఆయన హోరేబు వరకు నడిచాడు (1 రాజులు 19).

ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, మన రోగులతో ఏ రోజు ఎవరు నడుస్తారో స్త్రీల సమాజం, యౌవనస్థులు పేర్లు రాసుకోండి. అదీ పరిచర్యే.